విత్తనం సంచి తిప్పి చూస్తాం, ఆరోగ్యం వార్త తిప్పి చూడమా?

ఈ తూరి పోస్టు టమాటా రేటు గురించి కాదు, కత్తెర పురుగు గురించీ కాదు. ఫోన్లో వచ్చే ఆరోగ్యం వార్తల గురించి. కొంచెం పొడుగుంటాది. బోరు కాడ కరెంటు కోసం కాచుకోని కూర్చున్నోళ్ళు తీరిగ్గా చదువుకోండి, పనిలో ఉన్నోళ్ళు రాత్రికి చదవండి.

నేను ఆర్టీసీలో కండక్టరుగా ముప్పై ఏళ్ళకు పైగా టికెట్లు కొట్టి, రిటైరై, పత్తికొండ దిక్కు మా నాయన వదిలిపోయిన నాలుగెకరాల మెట్టలోకి దిగిన మనిషినని మీలో చానామందికి తెలుసు. ఉద్యోగానికి రిటైర్మెంటు ఉంది, సేద్యానికి లేదు. పట్నంలో అరవై దాటితే సీనియర్ సిటిజన్ అని బస్సులో సీటు ఇస్తారు. మన ఊర్లో అరవై దాటితే "కూలోళ్ళు దొరకలేదా, అయితే పెద్దాయన్ను పిలువు" అంటారు. మా వీధిలో డెబ్బై దాటిన ఒక మామ ఇప్పటికీ గుంటక తోలుతాడు. "ఎప్పుడు మానుకుంటావు మామా" అంటే "నలుగురు ఎత్తుకున్న రోజు మానుకుంటా లేబ్బీ, ఆ రోజు నాకు నడిచే పని కూడా ఉండదు" అంటాడు.

అయినా పింఛను మనిషికి కొంచెం టైము మిగులుతాది. తెల్లారుజామున నాలుక్కే మెలకువ వస్తాది, ఫస్ట్ సర్వీసు బండి అలవాటు ఇంకా ఒళ్ళు వదల్లేదు. బయట చీకటి. మా ఇంటామె నిద్రలేస్తే తిడతాది. ఇంక మిగిలింది ఫోను. ఫోను తెరిస్తే ఆరోగ్యం. తెల్లారే లోపల నేను ఏం తినాలో, ఏం మానాలో, ఏ పక్కకు తిరిగి పడుకోవాలో, నీళ్ళు నిలబడి తాగాలో కూర్చోని తాగాలో ఒక పది మంది చెప్పేసి ఉంటారు. ఇందులో సగం మంది మిగతా సగం మందిని తప్పు అంటారు. ఇంతా విని లేచి, మామూలుగా చద్దన్నంలో మజ్జిగ పోసుకోని, ఎర్రగడ్డ నంజుకోని చేనికి పోతా.

నవ్వులాటకు చెప్పడం లేదు, ఒకటి రెండు చూడండి. కోడిగుడ్డు సంగతి. 1968లో అమెరికా గుండె డాక్టర్ల సంఘం వాళ్ళు వారానికి మూడు పచ్చసొనలకు మించొద్దు అన్నారు. ఆ మాట సముద్రాలు దాటి మన ఊరి దాకా వచ్చి, గుండెపోటు వచ్చిన ప్రతి పెద్దాయన పళ్ళెంలోనుంచీ గుడ్డు ఎగిరిపోయింది. 2016 జనవరిలో అదే దేశం ప్రభుత్వం తన ఆహార సూచనల్లో కొలెస్టరాలుకు పెట్టిన రోజుకు 300 మిల్లీగ్రాముల హద్దు తీసేసింది. నలభై ఏడేళ్ళ పైన. ఈ మధ్యలో మన పెరట్లో తిరిగిన నాటుకోళ్ళు ఎన్ని అవమానాలు పడ్డాయో! కాఫీదీ అదే కత. క్యాన్సర్ పరిశోధనకు ప్రపంచ ఆరోగ్య సంస్థ కింద ఒక సంస్థ ఉంది. వాళ్ళు 1991లో కాఫీని అనుమానం జాబితాలో పెట్టి, 2016లో మళ్ళా తీసేశారు. తీసేస్తూ ఒక మాట అన్నారు, అది మాత్రం మన బస్టాండు బ్యాచికి పనికొచ్చేదే. కాఫీ, టీ కాదు, 65 డిగ్రీలకు మించిన వేడితో గొంతులో పోసుకునే అలవాటు అన్నవాహికకు మంచిది కాకపోవచ్చు అని. డ్రైవరు హారన్ కొడతాంటే కాలే కాలే టీని రెండు గుటకల్లో దింపిన వాళ్ళలో నేను సీనియర్ని. ఇప్పుడు సాసర్లో పోసుకోని తాగుతా. తొందర ఏముంది, బండి మనది కాదు.

ఇవి చూసి "సైంటిస్టులకే తెలీదు, మనకేం తెలుస్తాది" అని కొట్టేసేవాళ్ళున్నారు. నేను ఆ మాట ఒప్పుకోను. మాట మార్చుకోవడం తప్పు కాదు. మన నంద్యాల పరిశోధన కేంద్రంలో కొత్త వంగడం తయారైతే ఏం చేస్తారు? ముందు వాళ్ళ స్టేషన్‌లోనే కొన్నేళ్ళు చూస్తారు. తర్వాత వేరే వేరే చోట్ల వేసి చూస్తారు. తర్వాత మినీకిట్ అని చిన్న సంచి రైతులకిచ్చి, మన చేలల్లో ఎట్ల వస్తాదో చూస్తారు. అన్నీ దాటినాక గదా పేరు పెట్టి బయటికిచ్చేది. మొదటి ఏడు బాగున్నది మూడో ఏడు తెగులుకు పోతే దాన్ని పక్కన పెడతారు. ఎవరూ దాన్ని మోసం అనరు. ఆరోగ్యం పరిశోధన కూడా అట్లే నడుస్తాది. ఇబ్బంది యాడ వస్తాదంటే, మొదటి ఏడు స్టేషన్‌లో చూసిన సంగతినే "అద్భుతం! రాత్రికి రాత్రే!" అని మన ఫోనుకు పంపేవాళ్ళ కాడ.

నా గోడు ఒకటే. మనం విత్తనం సంచి కొనేటప్పుడు ఎంత లాయర్లమైతాం! సంచి తిప్పి లాట్ నెంబరు చూస్తాం. పరీక్ష చేసిన తేదీ చూస్తాం. మొలక ఎంత శాతమని అడుగుతాం, బుడ్డల విత్తనమైతే 70కి తగ్గకూడదని మనకు తెలుసు. నీలం ట్యాగు ఉందా అని చూస్తాం. పోయినేడు ఎవరి చేన్లో వేశారు, నల్లరేగడా ఎర్రనేలా, ఎన్ని తడులిచ్చారు, కల్లం చేస్తే ఎన్ని సంచులయినాయి అని ఆ చేనిదాకా పోయి అడిగొచ్చేవాళ్ళం. ఇంత చూసినా నాలుగెకరాల్లో వేయం. అర ఎకరంలో వేసి చూస్తాం. నకిలీ పత్తి విత్తనాలు ఎన్ని కొంపలు ముంచినాయో చూసిన జిల్లా మనది. అట్లాంటి మనం, పేరు తెలీని మనిషి, ఊరు తెలీని మనిషి, వెనక వీణ మోగించి "మీ బీపీ బిళ్ళ ఈరోజే పారేయండి" అంటే ఒళ్ళంతా ఒకేసారి విత్తేస్తాం. నాలుగెకరాలు పోతే ముంగారు కాకపోతే హింగారు ఉంది. ఒంటికి రెండో కారు లేదు గదప్పా.

పదివేల అడుగుల సంగతి తీసుకోండి, ఎందుకంటే ఇది నాకు ఇష్టమైన హాబీతో ముడిపడింది. మా కోడలు నా ఫోన్లో అడుగులు లెక్కపెట్టేది పెట్టింది. "మామా, రోజూ పదివేలు దాటాల" అని. పదివేలు అనేది యాడ పుట్టిందో తెలుసునా? 1964లో టోక్యోలో ఒలింపిక్స్ జరిగినాయి. మరుసటి ఏడు, 1965లో, జపాన్‌లో ఒక కంపెనీ నడుముకు కట్టుకునే అడుగుల యంత్రం అమ్మింది. దాని పేరు మాంపో-కెయ్. అంటే పదివేల అడుగుల మీటరు అని. అమ్మడానికి గుండ్రంగా ఒక అంకె కావాల, పెట్టుకున్నారు. డాక్టరు చెప్పిన లెక్క కాదు, వ్యాపారం పెట్టిన పేరు. ఆ తర్వాత అర్ధ శతాబ్దానికి, 2019లో, అమెరికాలో 16 వేలకు పైగా పెద్ద వయసు ఆడోళ్ళకు నిజంగానే యంత్రాలు కట్టి చూశారు. సగటు వయసు 72. రోజుకు సుమారు 2,700 అడుగులు వేసేవాళ్ళకన్నా 4,400 వేసేవాళ్ళలో చావులు 41 శాతం తక్కువ కనపడినాయి. 7,500 దగ్గరికి వచ్చేసరికి ఇంక పెరిగే మేలు ఆగిపోయింది. ఇది చదివి నేను కోడలికి చూపిచ్చినా. "అయితే ఇంక నడవవా మామా" అనింది. నడుస్తా తల్లీ, అంకె కోసం నడవను అని చెప్పినా. ఇంకోటి, ఆ పరిశోధన ఎవరి చేన్లో జరిగింది? కుర్చీల్లో కూర్చునే అమ్మల మీద. పొద్దుగూకులూ కలుపు తీసి, గడ్డిమోపు నెత్తిన పెట్టుకోని ఇంటికొచ్చే మన ఆడోళ్ళకు ఎన్ని అడుగులో చెప్పడానికి వాళ్ళకు యంత్రం కట్టిన నాథుడు ఎవడు? వాళ్ళకు కావాల్సింది ఇంకో రెండు వేల అడుగులు కాదు, గంటసేపు నడుము వాల్చడం.

ఇంక నా నడక. ముంగారు తొలివాన పడితే తుగ్గలి, జొన్నగిరి చేలల్లో జనం వజ్రాలకు దిగుతారని మీకు చెప్పాల్సిన పని లేదు. పైమట్టి కొట్టుకుపోతే రాళ్ళు తేలతాయి, ఆ రాళ్ళల్లో ఏదో ఒకటి మెరుస్తాదని ఆశ. కర్ణాటక నుంచి, తెలంగాణ నుంచి కూడా వస్తారు. చెట్ల కింద వంటలు, గుళ్ళల్లో పడక. చేలు తొక్కుతాండారని బోర్డులు పెట్టుకున్న రైతులున్నారు, వాళ్ళ బాధ నిజమే. విత్తడానికి పదునున్న చేన్లో వంద మంది తిరిగితే ఎవరికైనా కడుపు మండుతాది. నేను మాత్రం తెలిసినోళ్ళ బీడులోనే, వాళ్ళను అడిగే, తిరుగుతా. పోయిన ఏడు ఒక పూట తిరిగితే ఫోను పదకొండు వేల అడుగులు చూపిచ్చింది. దొరికినవి: రెండు పలుగురాళ్ళు, ఒక గాజు పెంకు, ఒక పాత పది పైసల బిళ్ళ. ఆ బిళ్ళ చూసి "చిల్లర నీ వెంటపడి వస్తాంది కండక్టరూ" అని ఒకటే నవ్వులు. నడుం వంచి, కళ్ళు నేలమీద పెట్టి, పక్కన నలుగురితో మాట్లాడుకుంటూ మూడు గంటలు నడిచినా అలుపు తెలీదు. ట్రెడ్‌మిల్లు మీద ఎవరికైనా వజ్రం దొరుకుతాదన్న ఆశ ఉందా?

అదే తుగ్గలి మండలంలో, గుత్తి నుంచి పత్తికొండకొచ్చే దావలో ఎర్రగుడి గుట్ట ఉంది. అశోకుడు రాయించిన బండలు. మీలో ఎంతమంది ఎక్కి చూశారో. క్రీస్తుకు ముందు మూడో శతాబ్దం నాటి రాతలు. అక్కడి శాసనాల్లో ఒకటి పూర్తిగా ఆరోగ్యం సంగతే. మనుషులకూ పశువులకూ, ఇద్దరికీ వైద్యం ఏర్పాటు చేసినామని, మందు మొక్కలు లేనిచోట తెప్పించి నాటిచ్చినామని, దావల పక్కన బావులు తవ్విచ్చి చెట్లు పెట్టిచ్చినామని దాని సారాంశం. మన ప్రాంతానికి వచ్చిన మొదటి ఆరోగ్యం వార్త ఇదే అనుకోవచ్చు. చూడండి, అందులో అద్భుతం లేదు, రహస్యం లేదు. డాక్టరు, మందు, నీళ్ళు, నీడ. పశువును కూడా మర్చిపోలేదు. ఇంకో మంచి గుణం, బండరాయిని ఎవరూ ఫార్వర్డు చేయలేరు.

ఇప్పుడు కొర్రల దగ్గరికి వస్తా, ఇది మన పళ్ళెం సంగతి. మా జేజి కాలంలో కొర్రన్నం, జొన్న రొట్టె, సంగటి, ఇవే తిండి. వరెన్నం పండక్కో, సుట్టాలొస్తేనో. 1983లో ఎన్టీ రామారావు గారి రెండు రూపాయల కిలో బియ్యం వచ్చింది. ఆకలికి అది చేసిన మేలు తక్కువది కాదు, ఎగతాళి చేసేవాళ్ళకు ఆకలి తెలీదు. కానీ ఇంట్లో కొర్రలు దంచే రోలు మూలకు పోయింది. తినేవాడు లేకపోతే పండించేవాడు ఉండడు, కొర్ర చేలు తరిగి శనగ, పత్తి వచ్చినాయి. మళ్ళీ ఈ పదేళ్ళల్లో కొర్ర తిరిగొచ్చింది. మన ప్రొద్దుటూరులో పుట్టిన ఖాదర్ వలీ గారు కొర్ర, అండుకొర్ర, సామ, ఊద, అరిక అని ఊరూరా చెప్పారు. 2023లో ఆయనకు పద్మశ్రీ వచ్చింది. ఐక్యరాజ్యసమితి చిరుధాన్యాల సంవత్సరం కూడా అదే ఏడు. నంద్యాల వాళ్ళ సూర్యనంది కొర్ర వేసినోళ్ళు మన గ్రూపులోనే ఉన్నారు. మా జేజి పేదరికం అని సిగ్గుపడిన అన్నం ఇప్పుడు హైదరాబాదులో అద్దాల అంగట్లో కూర్చుంది. మనం అమ్మిన రేటెంత, అక్కడ కిలో ప్యాకెట్టు మీద అచ్చేసిన రేటెంత, ఎన్నింతలో లెక్క మీరే వేసుకోండి, నేను వేస్తే మధ్యాన్నం అన్నం సయించదు.

సరే, కొర్ర తింటే షుగరు తగ్గుతాదా? తగ్గుతాది. పటాన్‌చెరు ఇక్రిశాట్ శాస్త్రవేత్తలు చానా పరిశోధనలు కలిపి చూసి 2021లో చెప్పారు, షుగరున్న వాళ్ళు రోజూ చిరుధాన్యాలు తింటే రక్తంలో చక్కెర 12 నుంచి 15 శాతం తగ్గిందని. మంచి సంగతే, చిన్న విషయం కాదు. ఇప్పుడు కండక్టరు లెక్క వేద్దాం. మీ చక్కెర 250 ఉంది. పదైదు శాతం తీసేయండి. 212 అయింది. 212 మంచిదా? కాదు. అంటే కొర్రన్నం తిని, బిళ్ళ కూడా వేసుకుంటే మేలు. కొర్రన్నం తింటున్నా గదా అని బిళ్ళ మానేస్తే నష్టం. ఇంత చిన్న లెక్క. దీన్ని ఎవరివో ఉపన్యాసాలు ముక్కలు ముక్కలు కత్తిరించి, అర నిమిషం వీడియో చేసి, "కొర్ర తిను, మందు పారెయ్" అని మార్చినోళ్ళు ఉన్నారు. కొర్రకు చెడ్డపేరు తెచ్చేది వాళ్ళే. రేపు ఒకడు బిళ్ళ మానేసి కాలు తీయించుకుంటే, "కొర్ర తిన్నాడు పాపం, అయినా పోయింది" అంటారు. పంట మనది, అపనింద కూడా మనకే.

ఒక దిక్కు బుడ్డలు పండించి అమ్ముకోని, ఇంట్లో పామాయిల్ ప్యాకెట్టు చింపే మన కత వేరే పోస్టుకు దాచిపెడతా. అది రాయాలంటే కోపం ఇంకొంచెం ఊరాల.

ఇప్పుడు రాసేది నవ్వే సంగతి కాదు. మా బావ గురించి. వరసకు బావ, అంతకన్నా చిన్నప్పటి నుంచీ జతగాడు. ఆయనను అడిగే రాస్తాండా, "పేరొద్దు, మిగతాదంతా రాయ్, పది మందికి తెలియనీ" అన్నాడు. మా గుడి అరుగు మీద రాతిలో చెక్కిన పులి-మేక గళ్ళు ఉన్నాయి. మూడు పులులు, పదైదు మేకలు. మా బావ పులులు తీసుకుంటే ఊర్లో ఎవరి మేకలూ మిగలవు. రిటైరై వచ్చినప్పటి నుంచి నేను రోజూ సాయంత్రం ఆయన చేతిలో ఓడిపోవడం ఒక ఉద్యోగం మాదిరి పెట్టుకున్నా.

ఆయనకు ఆరేళ్ళుగా బీపీ. రోజుకొక బిళ్ళ వేసుకునేవాడు. కొలిస్తే 130 దగ్గర ఉండేది. ఒక రోజు ఎవరో పంపిన వీడియో వచ్చింది. బీపీ అనేదే లేదంట, మందుల కంపెనీలు పుట్టించినదంట, ఒకసారి బిళ్ళ మొదలుపెడితే చచ్చేదాకా వదలదంట, ఏదో ఆకు రసం ఇరవై ఒక్క రోజులు తాగితే చాలంట. బావ ఆలోచన ఏందంటే, "నాకు బీపీ నూటముప్పైయే గదా ఉండేది, ఇంక బిళ్ళ ఎందుకు?" అని. ఈ ఒక్క మాట కాడ ఆగండి, ఎందుకంటే మన ఊర్లల్లో బిళ్ళ మానేసే పదిమందిలో తొమ్మిదిమంది చెప్పేది ఇదే. బుడ్డల చేనికి కంచె వేసినాం. అడవి పందులు రాలేదు. "పందులు రావడం లేదు గదా, కంచె ఎందుకు" అని పీకేస్తామా? నూటముప్పై ఉండేది బిళ్ళ వల్ల. బిళ్ళే కంచె.

మానేసినాక నాలుగు నెలలు ఏమీ కాలేదు. అదే బీపీతో వచ్చిన తంటా. తేలు కుడితే తెలుస్తాది, జ్వరమొస్తే తెలుస్తాది, బీపీ పెరిగితే ఏమీ తెలీదు. తలనొప్పి కూడా రాకపోవచ్చు. ఒక పొద్దున పాల కేంద్రం కాడ క్యాను ఎడమ చేతిలోనుంచి జారిపోయింది. నోరు ఒక పక్కకు పోయింది, మాట ముద్దముద్దగా వచ్చింది. నేను ఆ రోజు ఆదోనిలో పెండ్లికి పోయి ఉన్నా. ఇంటోళ్ళు గాబరాపడి కాళ్ళూ చేతులూ రుద్దినారు. ఎవరో పసరు మందు ఇచ్చే చోటుకు పోదాం అన్నారు, పోయినారు. అక్కడినుంచి కర్నూలుకు చేరేసరికి మధ్యాన్నం దాటింది. డాక్టరు అడిగిన మొదటి మాట, "ఎన్ని గంటలకు మొదలైంది?" అని.

ఆ ప్రశ్న ఎందుకో ప్రతి ఇంట్లో తెలిసుండాల. పక్షవాతం ఎక్కువ భాగం మెదడుకు పోయే రక్తనాళంలో గడ్డ అడ్డంపడితే వస్తాది. ఆ గడ్డను కరిగించే సూది ఉంది. అది మొదలైన నాలుగున్నర గంటల లోపలే పనిచేస్తాది, అంతలోపల కూడా ఎంత ముందైతే అంత మేలు. కొందరికి నాళం పగిలి రక్తం కారి వస్తాది, వాళ్ళకు ఆ సూది వేయకూడదు, ఏది ఏదో స్కానింగు తీస్తేనే తెలిసేది. అందుకే స్కానింగు ఉండే పెద్ద ఆసుపత్రికే నేరుగా పోవాల. నోరు వంకర, చేయి వాలడం, మాట తడబడటం, ఈ మూడింట్లో ఒకటి కనపడినా 108కి కొట్టి, ఎన్ని గంటలకు మొదలైందో చూసి పెట్టుకోని బయలుదేరాల. రుద్దడాలు, పసర్లు, దిష్టి తీయడాలు అన్నీ ఆ నాలుగున్నర గంటల్లోనుంచే పోతాయి. మన ఊర్లనుంచి కర్నూలు చేరడానికే అందులో సగం పోతాది.

బావ బతికినాడు. నడుస్తాడు, కట్టె పట్టుకోని. ఎడమ చేయి ఇంకా సరిగ్గా లేవదు. పాడి అమ్మేసినారు, చూసుకునే మనిషి లేడు. చేను కౌలుకు ఇచ్చినారు. ఇరవై ఒక్క రోజుల ఆకు రసం ఖరీదు రెండు బర్రెలు, మూడెకరాల సేద్యం, ఒక ఎడమ చేయి. వీడియో పెట్టినాయనకు ఆ రోజు ఎన్ని లైకులు వచ్చినాయో తెలీదు.

ఇది మా బావ ఒక్కడి సంగతి అనుకోవద్దు. కేంద్రం వాళ్ళు ఇంటింటికీ తిరిగి చేసిన ఐదో కుటుంబ ఆరోగ్య సర్వేలో, దేశం మొత్తం మీద పదైదేళ్ళు దాటిన మగోళ్ళలో 24 శాతం మందికి, ఆడోళ్ళలో 21 శాతం మందికి బీపీ ఎక్కువుంది, లేదా మందు వాడుతున్నారు. పదైదేళ్ళ పిల్లల్ని కూడా కలుపుకోని అది. మన వయసు వాళ్ళను మాత్రమే అరుగు మీద కూర్చోబెట్టి కొలిస్తే లెక్క ఎంతకు పోతాదో చూసుకోండి. పైగా ఊరుబిండి, ఊరమిరపకాయలు, మూడేళ్ళ మామిడికాయ ఊరగాయ లేనిదే ముద్ద దిగని సీమ మనది. రోజుకు ఉప్పు 5 గ్రాములు, అంటే ఒక చిన్న చెంచా దాటొద్దు అని ప్రపంచ ఆరోగ్య సంస్థ అంటాంది. మా ఇంటామె ఆ మాట విని "ఐదు గ్రాములు అంటే పప్పుకా, పూటకా?" అని అడిగింది. మొత్తం రోజుకు అంటే లోపలికి పోయి ఊరగాయ జాడీ మూత బిగించి పెట్టింది, మూడు రోజులు. నాలుగో రోజు ఆమే తెరిచింది.

అందుకని నేను చేసేదేందో చెప్తా, మీకు నచ్చితే మీరూ చేయండి. నాకు వాన లెక్క రాసే అలవాటు ఉంది. పెరట్లో నిలువుగా ఉండే డబ్బా పెట్టి, వాన పడినాక స్కేలు ముంచి చూసి, పుస్తకంలో రాస్తా. ఒక మిల్లీమీటరు అంటే ఎకరాకు నాలుగు వేల లీటర్ల పైన నీళ్ళు. ఒక పుస్తకం నిండి రెండోది నడుస్తాంది. బావకు అట్ల అయినప్పటి నుంచి అదే పుస్తకంలో పక్క గీతలో బీపీ కూడా రాస్తాండా. ఊరి క్లినిక్‌లో నర్సమ్మ ఉంది, వారానికి ఒక తూరి పోతా, ఐదు నిమిషాలు కూర్చోబెట్టి అప్పుడు కొలుస్తాది. నడిచొచ్చిన రొప్పుతో కొలిస్తే తప్పు చూపిస్తాది. ఒక రోజు 150 వచ్చిందని గాబరాపడను, ఒక రోజు 120 వచ్చిందని బిళ్ళ మానను. ఒక వానకు కరువు తీరదు గదా, నెల లెక్క చూడాల. 140కి 90 దాటి మళ్ళీ మళ్ళీ వస్తాంటే పుస్తకం తీసుకోని డాక్టరు కాడికి పోతా. బిళ్ళ మార్చాల్నా, తగ్గించాల్నా ఆయనే చెప్పాల. తగ్గించిన రోజులు కూడా ఉన్నాయి, వాళ్ళు ఊరికే మింగమని చెప్పరు.

ఇంకోటి, మోకాళ్ళ నొప్పికి, నడుము నొప్పికి అంగట్లో రంగు రంగుల బిళ్ళలు అడిగి వేసుకునేవాళ్ళు, నెలకు నాలుగు సూదులు వేయించుకునేవాళ్ళు మనలో చానామంది. బీపీ, షుగరు ఉన్నోళ్ళకు ఆ నొప్పి మందులు మూత్రపిండాల మీద పడతాయి. డాక్టరుకు చెప్పే వేసుకోండి. దీని మీద ఒక్క వీడియో కూడా నాకు రాలేదు, విచిత్రంగా.

వచ్చే ప్రతి వార్తకూ నేను విత్తనం సంచికి అడిగే మాటలే అడుగుతా. చెప్పేవాడు ఎవడు, వాని పేరు ఊరు ఉందా? చివర్లో ఏమన్నా అమ్ముతాండాడా? ఎవరి మీద చూశారు, ఎంతమంది, ఎన్నాళ్ళు? నష్టమైతే ఎంత, వెనక్కి వస్తాదా? మెంతులు నానబెట్టి తాగమంటే తాగుతా, చేదు తప్ప పోయేదేమీ లేదు. అది అర ఎకరం ప్రయోగం. మందు మానమన్న మాట ఉంటే మాత్రం అది నాలుగెకరాల ప్రయోగం, నేను చేయను. గ్రూపులో పిల్లోళ్ళకు ఒక మాట. నాయనా, మీ జేజినాయనకు వీడియో పంపే ముందు, వారం కింద ఆయన బీపీ ఎంతుందో అడగండి. మీకు తెలీకపోతే వీడియో పంపొద్దు, బండి మీద కూర్చోబెట్టుకోని క్లినిక్కుకు తీసకపోండి. పెట్రోలు అంత ఖర్చేం కాదు.

ఎవరి ఊర్లో క్లినిక్ ఏ రోజు తెరుస్తారు, మిషను పనిచేస్తాందా లేదా కింద రాయండి. పనిచేయని చోట్లు పది పోగైతే అర్జీ నేనే రాసి పట్టుకపోతా, కండక్టరుగా నాకు రద్దీలో దావ చేసుకోవడం వచ్చు.

మా బావ ఇప్పుడు సాయంత్రం అరుగు కాడికి వస్తాండాడు. ఎడమ చేత్తోనే మేకలు జరపమని ఫిజియో పిల్లోడు చెప్పినాడంట, వేళ్ళకు పని పడాలని. ఒక మేకను గడి నుంచి గడికి జరపడానికి నిముషం పడుతాది. మొన్న ఆ మేకలతోనే నా మూడు పులులను కట్టేసినాడు.